ముందు తెల్ల వైరు చూడండి

పికప్ ట్రక్కుకు ట్రైలర్ తగిలించి ఎడమ ఇండికేటరు వేస్తే, ఎడమ లైటుతో పాటు కుడి లైటూ మసకమసకగా కొట్టుకుంటుంది. పార్కింగ్ లైట్లు వెలుగుతుండగా బ్రేకు తొక్కితే, వెలుగు పెరగాల్సింది పోయి ఉన్నది కూడా ఆరిపోతుంది. గతుకులో బండి ఎగిరినప్పుడు ఒక్క క్షణం అన్నీ చక్కగా వెలిగి, మళ్లీ మొరాయిస్తాయి. అమెరికాలో పడవలూ, గడ్డి కోసే యంత్రాలూ, ఇల్లు మారేటప్పుడు సామానూ ట్రైలర్ మీద లాక్కెళ్లేవాళ్లకు ఈ తంతు కొత్తేమీ కాదు. టెక్సాస్ లాంటి చోట్ల స్థిరపడి పికప్ కొనుక్కున్న తెలుగువాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. అప్పుడు చాలామంది చేసే మొదటి పని బల్బులు మార్చడం. దాంతో కుదరకపోతే ఫ్యూజులు మారుస్తారు. అప్పటికీ లొంగకపోతే ట్రైలర్ వైరింగ్ మొత్తం పీకించి కొత్తది వేయిస్తారు. ఈ వరస తలకిందులుగా ఉందన్నదే ఈ వ్యాసంలో నా వాదన. లైట్లు వింతగా ప్రవర్తిస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది కరెంటు తిరిగొచ్చే దారిని. మెకానిక్కులు ఎర్త్ అనేది దాన్నే. అమెరికన్ ట్రైలర్లలో ఆ దారి తెల్ల వైరు మీదుగా వెళ్తుంది.

చిన్న ట్రైలర్లకు వాడే ప్లగ్గులో నాలుగే వైర్లుంటాయి. గోధుమ రంగుది పార్కింగ్ లైట్లకూ పక్కనుండే చిన్న మార్కర్ లైట్లకూ వెళ్తుంది. పసుపుది ఎడమ ఇండికేటరుకు, ఆకుపచ్చది కుడి ఇండికేటరుకు. తెల్లది ఎర్త్. మరి బ్రేకు లైటు వైరు ఏదని మన దగ్గర బండి నడిపినవారు అడగడం సహజం. ఇండియాలో ఇండికేటరు విడిగా, కాషాయం కలిసిన పసుపు రంగులో ఉంటుంది. అమెరికాలో మాత్రం వెనక ఇండికేటరు ఎర్రగా ఉండవచ్చు. అందుకే అక్కడి ట్రైలర్లలో బ్రేకుకూ ఇండికేటరుకూ ఒకే ఫిలమెంటు వాడతారు. బ్రేకు తొక్కితే పసుపు, ఆకుపచ్చ వైర్లు రెండింట్లోనూ నిలకడగా కరెంటు వస్తుంది. ఇండికేటరు వేస్తే ఆ పక్క వైరులో ఆగి ఆగి వస్తుంది. పాతకాలం నుంచీ వాడుతున్న 1157 రకం బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. బ్రేకుకూ ఇండికేటరుకూ వెలిగే పెద్దది సుమారు 2.1 ఆంపియర్లు లాగుతుంది, పార్కింగుకు వెలిగే చిన్నది 0.6 ఆంపియర్ల దాకా. ఈ రెండు ఫిలమెంట్లకూ బయటికి పోయే దారి ఒక్కటే, అది బల్బు ఇత్తడి ఒళ్లు. అక్కణ్నుంచి హోల్డరు, హోల్డరు నుంచి ట్రైలర్ ఇనుప చట్రం, చట్రం నుంచి తెల్ల వైరు, దాని మీదుగా ట్రక్కు బ్యాటరీ నెగటివ్. లోపలికి వచ్చే దార్లు మూడున్నా తిరిగి వెళ్లే దారి ఒక్కటే కావడం వల్లే, అది తెగితే లక్షణాలు అంత విచిత్రంగా ఉంటాయి.

తెల్ల వైరు తెగిందనుకుందాం. పార్కింగ్ లైట్లు వేశారు. గోధుమ వైరులో వచ్చిన కరెంటు చిన్న ఫిలమెంటు దాటి చట్రంలోకి వచ్చింది. ఇంటికెళ్లే దారి లేదు. అప్పుడది పెద్ద ఫిలమెంట్లలోకి వెనక నుంచి దూరి, పసుపు, ఆకుపచ్చ వైర్ల మీదుగా ట్రక్కులోకి ఎదురు నడిచి, ట్రక్కు సొంత బ్రేకు బల్బుల ద్వారా ఎర్త్ వెతుక్కుంటుంది. ఇన్ని ఫిలమెంట్లు వరసగా దాటాలి కాబట్టి ప్రతిదానికీ అందేది కొంచెమే. లైట్లు మసకగా వెలుగుతాయి. ఇప్పుడు బ్రేకు తొక్కండి. పసుపు, ఆకుపచ్చ వైర్లలోనూ 12 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. మూడు వైర్లూ ఒకే వోల్టేజీలో ఉంటే కరెంటు ఎటూ కదలదు. ఉన్న దొంగదార్లు కూడా మూసుకుపోయాయి, అందుకే అంతా చీకటి. బ్రేకు తొక్కితే లైట్లు ఆరిపోవడం వెనకున్న కథ ఇదే. ఇండికేటరు ఒక పక్క వేస్తే రెండు పక్కలా కొట్టుకోవడమూ ఈ దొంగదారి పనే. పసుపు వైరులో వచ్చిన కరెంటు కుడి బల్బులోంచి ఆకుపచ్చ వైరులోకి వెళ్లి ట్రక్కు చేరుతుంది. మాడిపోయిన బల్బు ఇలాంటి పని చేయలేదు. మాడిన బల్బు వెలగదు, అంతే. ఒక లైటుకు సంబంధించిన స్విచ్చు వేస్తే ఇంకో లైటు కదిలిందంటే, చట్రంలోకి వచ్చిన కరెంటుకు సరైన దారి దొరకలేదనే అర్థం.

ఆ దారి అంత తేలిగ్గా ఎందుకు చెడుతుందో చూస్తే ఆశ్చర్యం వేయదు. తెల్ల వైరు చివర చిన్న రింగు పెట్టి, ట్రైలర్ ముందు భాగంలో చట్రానికి ఒక్క మరతో బిగిస్తారు. ఆ మర కింద పెయింటు ఉండవచ్చు. పెయింటు లేకపోతే తుప్పు ఉంటుంది. రాగి రింగు, ఇనుప మర, మధ్యలో తడి, దానికి తోడు చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటే తినేసుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. మిగతా మూడు వైర్లూ ప్లగ్గు నుంచి బల్బు దాకా తొడుగు లోపలే నడుస్తాయి. ఎర్త్ ఒక్కటే ఒళ్లంతా తెరుచుకుని, ఇనుము మీద, బోల్టుల మీద, హోల్డరు బిగించిన నట్టు మీద ఆధారపడుతుంది. మడత పెట్టే ట్రైలర్లయితే కీలు మీద కూడా. వెనక లైటును చట్రానికి బిగించిన నట్టు తుప్పు పట్టినా ఎర్త్ పోయినట్టే, కాకపోతే ఆ ఒక్క లైటుకే. మరి తెల్ల వైరు తెగినా కొన్ని ట్రైలర్లు ఎలాగో నెట్టుకొస్తాయేం? ట్రక్కు వెనకుండే ఇనుప గుండుకు ట్రైలర్ మూతి తగులుకుని ఉంటుంది కదా, కరెంటు దాని మీదుగా వెళ్తుంది. అయితే ఆ గుండుకు గ్రీజు పూస్తారు, బండి కదిలినప్పుడల్లా అది మూతిలో అటూఇటూ ఆడుతుంది. గతుకులో లైట్లు ఒక్క క్షణం బాగుపడే మాయ వెనక ఉన్నది ఈ గుండే. ఇంటి ముందు ఆపి చూసినప్పుడు బాగానే ఉండి, హైవే ఎక్కాక పోయే లైట్లలో చాలావాటికి ఇదే కారణం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మీటరు పెట్టి చూశాం, హోల్డరు దగ్గర 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తోంది, ఎర్త్ బాగానే ఉంది కదా అంటారు. ఈ మాట నమ్మే చాలామంది తప్పుదారి పడతారు, నిజానికి తప్పు వాళ్లది కాదు, మీటరు స్వభావానిది. మామూలు డిజిటల్ మీటరు లోపల సుమారు కోటి ఓముల నిరోధం ఉంటుంది. తెల్ల వైరు మర దగ్గర చిలుము పట్టి 6 ఓముల నిరోధం పెరిగిందనుకోండి. మీటరు ఆ దారిలో లాగే కరెంటు అతి స్వల్పం, అందువల్ల ఆ 6 ఓముల దగ్గర పోయేది వోల్టులో లక్షో వంతు కూడా ఉండదు. తెర మీద 12 అని నిండుగా కనిపిస్తుంది. అదే చోట బల్బు పెట్టండి. వెలుగుతున్న 1157 పెద్ద ఫిలమెంటు నిరోధం కూడా దాదాపు 6 ఓములే. అంటే వచ్చిన వోల్టేజీలో సగానికి సగం చిలుము దగ్గరే ఖర్చయిపోతుంది. వోల్టేజీ సగమైతే ఫిలమెంటు బల్బు వెలుగు సగం కాదు, ఇంచుమించు పదో వంతుకు పడిపోతుంది. కుళాయి కట్టేసి పైపులో ఒత్తిడి చూసి, నీళ్లు ధారగా వస్తాయనుకోవడం లాంటిదే ఆ మీటరు పరీక్ష. బల్బులు వెలుగుతున్నప్పుడు, అంటే దారిలో నిజంగా కరెంటు నడుస్తున్నప్పుడే కొలవాలి. బ్రేకు ఎవరిచేతనైనా తొక్కించి పట్టుకోమని, మీటరు ఒక పుల్లను బల్బు హోల్డరు ఒంటికి, ఇంకో పుల్లను పొడుగు వైరుతో ట్రక్కు బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి చూడండి. ఎర్త్ మంచిదైతే దాదాపు సున్నా రావాలి. ఒకటి రెండు వోల్టులు చూపిస్తే దొంగ ఆ మధ్యలోనే ఉన్నాడు. తర్వాత పుల్లను హోల్డరు నుంచి చట్రానికి, చట్రం నుంచి తెల్ల వైరు మరకు, మర నుంచి ప్లగ్గుకు ఒక్కో మెట్టూ జరుపుకుంటూ రండి. వోల్టేజీ ఎక్కడ ఒక్కసారిగా పడిపోయిందో, చెడిపోయిన అతుకు అక్కడే ఉంది.

మీటరు లేనివాళ్లు అంత శ్రమ కూడా పడక్కర్లేదు. రెండు చివరలా క్లిప్పులున్న పొడుగాటి వైరు తీసుకుని, ఒక చివర బ్యాటరీ నెగటివ్‌కూ, ఇంకో చివర ట్రైలర్ చట్రంలో తుప్పు గీకిన చోటా తగిలిస్తే చాలు. లైట్లు ఒక్కసారిగా బుద్ధిగా వెలిగితే బల్బుల జోలికీ ఫ్యూజుల జోలికీ వెళ్లే పనే లేదు. తెల్ల వైరు దారి బాగుచేసుకోవడమే. లైట్లు అలాగే ఉంటే చట్రం దగ్గరి క్లిప్పు తీసి ఒక్కో హోల్డరు ఒంటికి పెట్టి చూడాలి. అప్పుడు ఏదైనా ఒక లైటు బాగుపడిందంటే తుప్పు ఆ లైటు నట్టులో ఉంది. అప్పటికీ లాభం లేకపోతే ఎర్త్‌ను వదిలేసి వేరేచోట వెతకవచ్చు. పరీక్షకు కాస్త సమయం పోయిందేమో కానీ, ఖర్చు మాత్రం ఒక్క పైసా కూడా కాలేదు. బల్బులతో మొదలుపెట్టేవాళ్ల మీద నా ఫిర్యాదు ఇదే. వాళ్లు వెతుకుతున్నది చెడిపోయిన వస్తువును, వెతకాల్సింది చెడిపోయిన అతుకును. నిజానికి వైరు చెడిపోవడం అరుదు. సన్నటి పద్దెనిమిది గేజి రాగి వైరు కూడా ఇరవై అడుగుల పొడవుకు చూపేది ఓములో సుమారు ఎనిమిదో వంతు నిరోధమే. అంటే వైరు దారి పొడవునా పోయేది ఏమంత కాదు, పోయేదంతా ఒకదానితో ఇంకోటి కలిసే దగ్గరే. వైరింగ్ మొత్తం మార్చిన వాళ్లకు లైట్లు బాగుపడేదీ, కొత్త వైరు వల్ల కన్నా దాంతో పాటు కొత్తగా వేసిన అతుకుల వల్లే.

అన్నిటికీ ఎర్త్ నిందే వేస్తానంటే న్యాయం కాదు. ఎర్త్ మీద అనుమానం పనికిరాని లక్షణం ఒకటుంది. రెండు వెనక లైట్లలోనూ బ్రేకు, ఇండికేటరు బాగా పనిచేస్తూ పార్కింగ్ లైట్లు మాత్రం మొత్తంగా వెలగకపోతే, దోషి గోధుమ వైరు లేదా ట్రక్కులో దాని ఫ్యూజు. చాలా పికప్‌లలో ట్రైలర్ పార్కింగ్ లైట్లకు విడిగా ఫ్యూజూ రిలేలూ ఉంటాయి, అందుకే ట్రక్కు లైట్లు వెలుగుతున్నా ట్రైలర్‌వి వెలగకపోవచ్చు. అక్కడ ఫ్యూజు పోయిందంటే చాలావరకు గోధుమ వైరు ఎక్కడో ఒరుసుకుని ఇనుముకు తగిలి ఉంటుంది. చట్రం పొడవునా మార్కర్ లైట్లన్నిటినీ పలకరిస్తూ వెళ్లేది గోధుమ వైరే కాబట్టి ఒరుసుకునే చోట్లు దానికే ఎక్కువ. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోందని పెద్ద ఫ్యూజు వేసే తెలివి మాత్రం చేయకూడదు. ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. అలాగే ఒక్క పక్క ఒక్క లైటు, ఒక్క పని మాత్రమే చేయకపోతే, నిజంగానే బల్బు పోయి ఉండొచ్చు, మార్చి చూడండి. నేను చెప్పేదల్లా లక్షణాలు చదవమని. అన్ని లైట్లూ ఒకేసారి చెడితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి, ఒక్కటే చెడితే దాని సొంత సరంజామాను. ఎర్త్ అన్నిటికీ ఉమ్మడి కాబట్టే దానికి మొదటి పీట.

రెండో అభ్యంతరం ఎల్ఈడీలది. ఎల్ఈడీ లైట్లు వేయించుకున్నాక ఎర్త్ తంటా ఉండదని కొందరు అనుకుంటారు. ఎల్ఈడీలకు ఫిలమెంటు లేదు, కరెంటు ఒకే దిశలో పోనిస్తాయి, కాబట్టి పైన చెప్పిన ఎదురు నడక చాలావరకు ఆగిపోయే మాట నిజమే. దాంతో రోగం నయమైందనుకోవడం పొరపాటు, తగ్గింది లక్షణమే. ఎర్త్ తెగితే ఎల్ఈడీ కూడా వెలగదు, పైగా వింతగా కొట్టుకుని మిమ్మల్ని హెచ్చరించే పని కూడా చేయదు. చాలా తక్కువ కరెంటుతో వెలుగుతుంది కాబట్టి సగం చెడిన అతుకును దాచిపెట్టి మరీ వెలగగలదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మధ్య వచ్చిన ట్రక్కుల్లో ట్రైలర్ తగిలిందా లేదా అని వెనక లైట్లు లాగే కరెంటును బట్టి కంప్యూటరు పసిగడుతుంది. ఎల్ఈడీలు లాగేది బాగా తక్కువ కావడంతో కొన్ని బండ్లలో ట్రైలర్ ఉన్నా లేనట్టే డ్యాష్‌బోర్డు చెప్పవచ్చు. ఇలా అంతా ట్రక్కు కంప్యూటరు చేతిలో ఉన్నప్పుడు మనమేం కనిపెట్టగలం అని నిరాశపడక్కర్లేదు. ట్రైలర్ ప్లగ్గు ఊడదీసి ట్రక్కు సాకెట్లోనే ఒక ఫిలమెంటు బల్బుతో చేసుకున్న టెస్ట్ ల్యాంపు పెట్టి చూడండి. అక్కడ అన్నీ సరిగ్గా వెలిగితే ట్రక్కు నిర్దోషి, సమస్య ట్రైలర్‌లో ఉంది. వెలగకపోతే ట్రైలర్‌ను విడిచిపెట్టి ట్రక్కును చూడాలి. ఇంత సులువైన విభజన చేయకుండా డీలరు దగ్గరికి పరుగెత్తేవాళ్లే ఎక్కువ.

ఏడు పిన్నుల పెద్ద ప్లగ్గులో రంగుల మీద మాత్రం గుడ్డి నమ్మకం పెట్టుకోవద్దు. ఒక పద్ధతిలో గోధుమ రంగు పార్కింగ్ లైట్లది. క్యాంపింగ్ ట్రైలర్లలో ఏనాటి నుంచో నడుస్తున్న మరో పద్ధతిలో అదే గోధుమ రంగు కుడి ఇండికేటరుది, ఆకుపచ్చ పార్కింగుది, ఎరుపు ఎడమ ఇండికేటరుది. ఒక పద్ధతి ట్రైలర్‌కు ఇంకో పద్ధతి ప్లగ్గు రంగులు చూసి అతికేస్తే, ఎర్త్ ఎంత బాగున్నా లైట్లు అడ్డదిడ్డంగా వెలుగుతాయి. రంగు చూడకుండా టెస్ట్ ల్యాంపుతో ఏ వైరు ఏ పని చేస్తోందో కనిపెట్టి అతకాలి. రెండు పద్ధతుల్లోనూ మారకుండా ఉన్న రంగుల్లో తెల్లది ఒకటి. అతుకులు కూడా వైరు తోలు కోసి లోపలికి కరుచుకునే ప్లాస్టిక్ క్లిప్పులతో వేయకపోవడమే మేలు. ఆ కోతలోంచి తడి లోపలికి దూరి ఏడాది తిరక్కుండా రాగిని పచ్చగా చేసేస్తుంది. వేడి చేస్తే ముడుచుకుని అతుక్కునే గొట్టమున్న కనెక్టరు వేసి బిగిస్తే చాలాకాలం మన్నుతుంది. పడవ ట్రైలర్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. దూరప్రయాణంలో వేడెక్కిన లైటును చెరువులోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుని నీటిని లోపలికి లాక్కుంటుంది, కొన్నిసార్లు బల్బు గాజే పగులుతుంది. నీళ్లలోకి దించేముందు ప్లగ్గు తీసి లైట్లను చల్లారనివ్వడం అక్కడి పాత అలవాటు.

మన ఊళ్లలో ట్రాక్టరు వెనక లాగే ట్రాలీలకు ఈ చర్చ వర్తిస్తుందా అంటే, లైటున్నవాటికి వర్తిస్తుంది. ధాన్యం బస్తాలో, చెరుకో వేసుకుని చీకట్లో రోడ్డెక్కే ట్రాలీలు చాలావాటికి వెనక లైటే ఉండదు, అది వేరే గొడవ. ఉన్నవాటికి ఎర్త్ చాలాసార్లు హుక్కు పిన్ను మీదుగానే నడుస్తుంది. విడిగా ఒక తెల్ల వైరు, లేదా ఏదో ఒక రంగు వైరు, ట్రాక్టరు నుంచి ట్రాలీ చట్రానికి, అక్కణ్నుంచి ప్రతి లైటు నట్టుకూ వేస్తే సగం ఫిర్యాదులు పోతాయి.

ఇంత హడావిడి ఎందుకు, లైటు మసకగా వెలిగితే వెనకవాడు కాస్త జాగ్రత్తగా రాడా అనేవాళ్లూ ఉంటారు. పెద్ద ట్రైలర్ విషయంలో ఆ తేలికతనానికి చోటు లేదు. ఏడు పిన్నుల ప్లగ్గులో నీలం వైరు ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులది. ఒక్కో చక్రంలోని బ్రేకు అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు చక్రాల ట్రైలర్‌లో గట్టిగా బ్రేకు వేస్తే 12 ఆంపియర్లు. లైట్లది కలిపితే ఇంకా ఎక్కువ. ఆ కరెంటంతా వెనక్కి వచ్చేది అదే తెల్ల వైరు మీదుగా. అందుకే పెద్ద ట్రైలర్లలో దాన్ని మిగతా లైటు వైర్ల కన్నా లావుగా వేస్తారు. దారిలో ఒక్క ఓము చిలుము పట్టినా, లైట్లు కొంచెం మసకబారడంతో ఆ నష్టం ఆగదు. ఆ ఒక్క ఓముకే బ్రేకులకు అందే కరెంటు సగానికి పడిపోతుంది, వాటి పట్టు కూడా దాంతోపాటే. అప్పుడు దిగుడులో వెనకనున్న బరువంతా ట్రక్కు బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకు తొక్కినప్పుడు వెనక లైట్లు ఆరిపోతున్న పెద్ద ట్రైలర్‌ను మర్నాడు బాగుచేసుకుందాంలే అని రోడ్డెక్కించేవారు, ఆ పూట దాని బ్రేకుల మీద కూడా నమ్మకం పెట్టుకోవడానికి లేదు.